ముందు సీటులో తెల్లమీసం

గని దొరల బంగ్లాల నుంచి మా క్వార్టరుకు ఏదైనా వచ్చిందంటే అది పాతదో, పనికిరానిదో అయి ఉండాలి. రంగు వెలిసిన చీర, పిడి ఊడిన గిన్నె, వాళ్ళ పిల్లలు చింపిన పుస్తకం. ఇచ్చేటప్పుడు దొరసాని ముఖం మాత్రం ఊరందరికీ అన్నం పెడుతున్నట్టు వెలిగిపోయేది. అందుకని ఆ ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన చంకలో అట్టపెట్టె పెట్టుకుని వస్తుంటే గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను.

పెట్టె మీద మబ్బుల్ని చీల్చుకుంటూ వస్తున్న జెట్ విమానం బొమ్మ. మూత తీస్తే లోపల విమానం లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని వేలెడు ముక్కలు, గోరెడు ముక్కలు, ఒక జిగురు గొట్టం, మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం. విమానం మనమే చేసుకోవాలట. డబ్బు పోసి కొనుక్కుని, ఆ తర్వాత చాకిరీ కూడా మనమే చేసుకునే సరుకు ఒకటి లోకంలో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఉన్నవాళ్ళకు ఏమీ తోచకపోతే ఇలాంటివే తోస్తాయి.

"గిదేంది బావా?" అన్నాను.

"దొర ఇచ్చిండు. చేసియ్యాలె."

మా ఆయన నాకు మేనబావ. గోదావరిఖనిలో ఒక బొగ్గు గని బావిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నేను మిషన్ బోర్డింగులో చదువుకుని, కాలనీ పిల్లలకు పాఠాలు చెప్పే టీచరును. మా ఇద్దరి మధ్య చదువు విషయంలో నాకు గర్వం ఉండేది, ఆయనకు దాని మీద వేళాకోళం ఉండేది. కోపమొస్తే నన్ను 'పంతులమ్మా' అని పిలిచేవాడు.

ఆయన చేతిలో ఒక నేర్పు ఉంది. ప్రతి క్రిస్మసుకు పనికిరాని దుంగ ముక్కలతో పశువుల పాక బొమ్మలు చెక్కి చర్చిలో పెట్టేవాడు. కిందటి క్రిస్మసుకు ముఖ్య అతిథిగా వచ్చిన దొరసాని ఆ గొర్రెలను చేతిలోకి తీసుకుని, "అయ్యో, చెవులు కూడా ఉన్నాయే" అంది. గొర్రెకు చెవులుంటాయని ఆమెకు అంతకుముందు తెలియదేమో. ఆ చెవుల పుణ్యమే ఈ విమానం.

సంగతేమిటంటే, దొరసాని తమ్ముడు వైమానిక దళంలో ఆఫీసరు. కొత్తవాళ్ళకు జెట్ విమానం నడపడం నేర్పుతాడు. యుద్ధం గెలిచిన కొత్త అది. కాలనీ మీదుగా విమానం మోత వినపడితే చాలు, మా బడి పిల్లలు పలకలు వదిలేసి బయటికి పరుగెత్తేవారు, వాళ్ళను ఆపాల్సిన హెడ్మాస్టరు వాళ్ళకంటే ముందుండేవాడు. ఆ తమ్ముడు ఏ దేశమో వెళ్ళి, తాను నేర్పే రకం శిక్షణ విమానం బొమ్మనే పెట్టెలో కొనుక్కొచ్చి తన బావకు, అంటే మా గని దొరకు, ఇచ్చాడు. "మీవల్ల కాదులే బావా" అని ఒక మాట కూడా ఇచ్చాడు. దొరకు పౌరుషం వచ్చింది. టై కట్టుకుని, ఫ్యాను కింద కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి రోజే రెండు వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి, కళ్ళద్దాల మీద జిగురు పడింది. కొన్ని వందల మందిని భూమిలోకి దింపి పని చేయించే మనిషి గోరెడు ప్లాస్టిక్ ముక్క ముందు ఓడిపోయాడు. తమ్ముడు మళ్ళీ వచ్చేలోపల విమానం తయారై ఉండాలి, అది దొర చేసినట్టే ఉండాలి. మా ఆయన చెయ్యాలి.

నేను ఆ పెట్టెను అక్కడికక్కడే వెనక్కి పంపించేదాన్నే. పంపకపోవడానికి కారణం ఒక్కటే. విమానం బాగా కుదిరితే మా ఆయన్ని పైన వడ్రంగి షెడ్డులో వేస్తానని దొర అన్నాడు. షెడ్డులో ఒక ముసలాయన రిటైరు కాబోతున్నాడు, ఆ చోటు ఖాళీ అవుతుంది.

అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఫికర్ అదే. ఆయన్ని బావిలోంచి పైకి తేవాలి.

టింబర్ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడికి పోయినా ఉస్తాదు ముందు, నేర్చుకునేవాడు వెనక. ఉస్తాదు కర్రతో పై బండను కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే 'రా' అంటాడు, డొల్లగా మోగితే 'ఆగు' అంటాడు. వెనకున్నవాడు ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ వినకూడదు. మా ఆయనకు పని నేర్పిన ఉస్తాదు పక్క పల్లె నుంచి వచ్చిన రైతు. పెద్ద తెల్లమీసం. ఒళ్ళంతా బొగ్గు మసి అయినా షిఫ్టు దిగగానే ముందు మీసమే కడుక్కునేవాడు. ఆ సోకు చూసి నేను నవ్వుకునేదాన్ని. ఆయనా నన్ను చూసి, "పంతులమ్మ మీసం మీద పాఠం చెప్తదట" అని ఆటపట్టించేవాడు. ఒక రోజు ఆయన ముందు నడుస్తూ బండను కొట్టి 'ఆగు' అన్నాడు. మా ఆయన ఆగాడు. బండ కూలింది. ఉస్తాదును బయటికి తీయడానికి సాయంత్రమైంది.

ఆ తర్వాత మా ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. ఇంట్లో ఉలి పట్టుకుంటే ఉండదు, సద్ది గిన్నె పట్టుకుని బయల్దేరితే మొదలవుతుంది. బావి ముందు దాకా పోయి, మస్టరులో హాజరు వేయించుకోకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి. దవాఖానలో బలానికి ఎర్ర మందు ఇచ్చారు. వణుకును తగ్గించే ఎర్ర మందు ఎక్కడుందో ఆ డాక్టరే చెప్పాలి. పైన పని దొరికితే ఈ మనిషి నాకు మిగులుతాడు, లేకపోతే లేదు. నాకు అంతే తెలుసు. అందుకే ఆ అట్టపెట్టెకు దారి ఇచ్చాను.

ఫస్టు షిఫ్టు దిగి స్నానం చేశాక, వెలుతురున్నంతసేపు గుమ్మం దగ్గర చాప వేసుకుని కూర్చునేవాడు. నేను కాగితం చదివి తెలుగులో చెప్పాలి. ఆ కాగితం రాసినవాడు మహా ఉత్సాహవంతుడు. ప్రతి ముక్క దగ్గరా జాగ్రత్త, మెల్లగా, అభినందనలు. పిల్లవాడికి చెప్పినట్టు చెబుతాడు, ఇంజనీరుకు కూడా అర్థం కాని బొమ్మ వేస్తాడు. ఎడమ రెక్క, కుడి రెక్క, తోక, చక్రాలు. పొట్ట రెండు చెక్కలుగా ఉంది, మధ్యలో అతికించాలి. ముక్కులో బరువు పెట్టకపోతే విమానం తోక మీద కూలబడుతుందని రాసి ఉంది. మా ఆయన గోదావరిలో వల వేసేవాళ్ళ దగ్గర ఒక సీసపు గుండు తెచ్చి ముక్కులో దాచాడు. ఆకాశంలో ఎగిరే జెట్టుకు చేపల వల గుండు. అది నాకు బాగా నచ్చింది.

చూడ్డానికి కాలనీ అంతా వచ్చేది. పక్క క్వార్టరు అవ్వ రెక్కను వేలితో తాకి, "గింత విమానంల ఎవలు పోతరు బిడ్డా, చీమలా?" అని అడిగింది. ఒకాయన పెట్రోలు ఎక్కడ పోస్తారన్నాడు. ఇంకొకాయన తన మేనల్లుడు విమానం నడపబోయి కొద్దిలో తప్పిందన్నాడు. ఆ మేనల్లుడు పెద్దపల్లిలో బస్సు కూడా సరిగ్గా ఎక్కలేడని అందరికీ తెలుసు. చూసి, సలహా ఇచ్చి, టీ తాగి పోయేవారు. టీ పొడి మాది.

ఇక అతికించడానికి ఇద్దరు ప్లాస్టిక్ మనుషులు మిగిలారు. పెసరగింజంత తలలు, కూర్చున్న భంగిమ. ఒకే అచ్చులో పోసిన బొమ్మలు. నేను కాగితం చదివాను.

"ముందు సీట్ల నేర్చుకునేటోడు. ఎనక సీట్ల నేర్పేటోడు."

ఆయన చెయ్యి ఆగింది. "తప్పు సదివినవ్."

నా జన్మలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. కాగితం ముఖం ముందు పెట్టి, వేలు పెట్టి చూపించాను.

"అయితే రాసినోడు తప్పు రాసిండు," అన్నాడు. "ఎనక కూసున్నోడు ఏం నేర్పుతడు? ముందు ఏమున్నదో కొత్తోడికి ఏం తెలుస్తది?"

"రెండూ ఒక్క తీరే ఉన్నయి కద బావా. ఏదన్న ఒకటి పెట్టు. ఎవలకు తెలుస్తది?"

మర్నాడు ఆయన నా జడలోంచి నాలుగు వెంట్రుకలు అడిగి తీసుకుని అగ్గిపుల్లకు కట్టి సన్నని రంగు కుంచె చేసుకున్నాడు. నేను బడికి పోయాను. నేను వచ్చేసరికి ఇద్దరూ సీట్లలో ఉన్నారు, పైన అద్దం మూత అతికి ఉంది. ముందు కూర్చున్నవాడికి తెల్లమీసం ఉంది. ఆవగింజలో సగం ఉంటుందేమో, కానీ మీసమే. ఎవరి మీసమో అడగాల్సిన పని లేదు.

నాకు ఒళ్ళు మండింది. దొర బొమ్మ, దొర డబ్బు, దొర బావమరిది. అందులో మన చచ్చిపోయిన మనుషుల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టడం ఏమిటి? అడిగితే ఆయన రెక్క మీద నీళ్ళలో నానబెట్టిన గుర్తుల కాగితాలు అతికిస్తూ, "మంచిగ కూసున్నడు తియ్," అన్నాడు. పోనీ, ఇంత చిన్న బొమ్మలో అంత చిన్న మీసం ఎవడు చూస్తాడులే అనుకుని ఊరుకున్నాను. విమానం బంగ్లాకు వెళ్ళింది. దొర భుజం తట్టాడు. షెడ్డు పని ఖాయమన్నాడు. ఆ వారం నేను ఇంట్లో పాటలు కూడా పాడాను.

దొరసాని తమ్ముడొచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర దొర విమానాన్ని బల్ల మధ్యలో పెట్టి, తానే చేశానని అందరికీ చెప్పుకున్నాడట. తమ్ముడు దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, "బాగుంది బావా. కానీ మీసాలాయనను ముందు కూర్చోబెట్టారేం? మా దాంట్లో గురువు వెనక కూర్చుంటాడే," అన్నాడట. దొర ఏం చెబుతాడు? అది ఎవరి మీసమో ఆయనకే తెలియదు. అతిథులు నవ్వారు. తన చేతులతో చేసిన విమానంలో ఎవరున్నారో తనకే తెలియని మనిషిని చూసి ఎవరైనా నవ్వుతారు.

ఇదంతా మర్నాడు సాయంత్రం బంగ్లా వరండాలో దొరసాని మాకు చెప్పింది, తప్పంతా మాదే అన్నట్టు. మమ్మల్ని ఇద్దర్నీ పిలిపించారు. తమ్ముడు జీపులో గోదావరి చూడ్డానికి వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చేలోపల పని అయిపోవాలి. బల్ల మీద విమానం, దాని పక్కన కొత్త బ్లేడు సిద్ధంగా ఉన్నాయి.

"పైన అద్దం తియ్," అన్నాడు దొర. "ముందున్నవాడి మీసం గీకెయ్. వెనకున్నవాడికి పెట్టు. అంతే కదా. రేపటి నుంచి షెడ్డుకు వెళ్ళు."

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అద్దం తీస్త దొరా. మీసం తియ్య."

దొరకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఓపిగ్గానే చెప్పాడు. విమానంలో నేర్చుకునేవాడికి ముందు బాగా కనపడాలి, వెనక నుంచి గురువు గమనిస్తుంటాడు, పొరపాటు జరిగితే వెనక నుంచే సరిదిద్దుతాడు. ప్రపంచమంతా అంతే.

"వాళ్ళ మీద ఆకాశమే దొరా," అన్నాడు మా ఆయన. "మా మీద బండ ఉంటది. ముందుగాల ఉస్తాదే పోవాలె."

"ఇది బావి కాదయ్యా, విమానం."

దొర అన్నది నిజమే. ఆయనతో నాకున్న పేచీలు వేరు, కానీ ఆ మాట నిజం. తప్పు మా ఆయనదే. విమానాన్ని తీసుకెళ్ళి బావిలో దింపినవాడు ఆయనే. నా చదువు నాకు ఆ పాటి చెప్పింది.

దొరసాని నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి. చెప్పు మీ ఆయనకు. ఒక్క మీసం కోసం ఉద్యోగం పోగొట్టుకుంటాడా?"

నేను చెప్పాను. ఆమె కోసం కాదు, నా కోసం. "బావా, బొమ్మ అది. గీకు. గీకి ఇంటికి పోదాం. రేపటి సంది నువ్వు బాయి దిగుడు ఉండది."

ఆయన బల్ల మీది బ్లేడు తీసి నా ముందు పట్టాడు. కోపం లేదు, వేళాకోళం లేదు. "నువ్వు గీకు," అన్నాడు. "నేను అద్దం తీసిస్త."

తీసిచ్చాడు కూడా. ఎలా తీశాడో, అద్దానికి గీత కూడా పడలేదు. నేను బ్లేడు తీసుకున్నాను. నిజంగానే గీకుదామనే తీసుకున్నాను. విమానాన్ని కంటి దగ్గర పెట్టుకున్నాను. ముందు తెల్లమీసం. వెనకున్నవాడిని అప్పటిదాకా నేను చూడనే లేదు. అచ్చులో వాడి తల నిటారుగా ఉండాలి. ఆయన ఆ మెడను కోసి, కొంచెం పైకి వంచి మళ్ళీ అతికించాడు. వాడు పైకి చూస్తున్నాడు. బండ వైపు. ఆ గింజంత ముఖంలో కళ్ళు కూడా పెట్టాడు, పెద్దవి. ఆ కళ్ళను నేను నెలల తరబడి రాత్రిళ్ళు నా పక్కన చాప మీద చూస్తున్నాను.

ఆ ముందున్నవాణ్ణి తీసేస్తే ఈ వెనకున్నవాడు ఇంక ఎవరి మాట వింటాడు? బ్లేడు బల్ల మీద పెట్టేశాను. "నా చేతికి సాఫుగ రాదమ్మా," అన్నాను.

నేనేదో కరిగిపోయానని అనుకోకండి. ఇంటికి వచ్చే దారంతా ఆయన్ని తిట్టాను. షెడ్డును తిట్టాను, చచ్చిపోయినాయన మీసాన్ని కూడా తిట్టాను. షెడ్డు పని ఇంకొకరికి పోయింది. ఆ మనిషికి మేకు సూటిగా కొట్టడం రాదని కాలనీలో అందరూ అనేవారు, దొర ఇంటికి కూరగాయలు మోయడం మాత్రం బాగా వచ్చు.

విమానం సంగతి కూడా చెప్పాలి. తర్వాతి క్రిస్మసుకు పాటల గుంపుతో బంగ్లాకు వెళ్ళినప్పుడు చూశాను. హాల్లో అందరికంటే ఎత్తున, అద్దాల బీరువా మీద పెట్టారు, ముక్కు గోడ వైపు తిప్పి. కింద నిలబడ్డవాళ్ళకు తోక తప్ప ఏమీ కనపడదు. దొర అప్పటికీ అది తన చేతి పనే అంటున్నాడు. తోక వరకే చెప్పుకుంటున్నాడని నేను నవ్వుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఆయన కింద ఒక కొత్త మనిషిని వేశారు. వయసులో ఈయనకంటే పెద్దవాడే, పెళ్ళీడు కూతుళ్ళున్నవాడు, ఊళ్ళో సేద్యం కలిసిరాక వచ్చిన రైతు. మొదటి రోజు పొద్దున్నే సద్ది గిన్నె పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి, "ఉస్తాద్" అని పిలిచాడు. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఆయన చేతిలో టీ గ్లాసు ఎప్పటిలాగే వణుకుతోంది. గ్లాసు కింద పెట్టి, కర్ర తీసుకుని బయల్దేరాడు.

"చేతులు గట్ల వణుకుతున్నయి. ఇయ్యాల పోకు బావా," అన్నాను.

"నేను పోకుంటే ఆయన ముందట ఎవలుంటరే?" అన్నాడు.

ఇద్దరూ కాలనీ రోడ్డెక్కారు. కొత్త మనిషి హుషారు మీద రెండడుగులు ముందు నడుస్తున్నాడు. మా ఆయన అందుకుని, భుజం పట్టుకుని అతన్ని మెల్లగా వెనక్కి జరిపి, తాను ముందుకు వెళ్ళాడు. అది తారు రోడ్డు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. రోడ్డు మీద ఏం కూలుతుందని, పిచ్చి మనిషి, అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. బడి గంట వినపడుతున్నా, వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.